పట్నమునుండి తెచ్చు పురుగుమందు

జిల్లాలనుండి పనిమీద వచ్చి నాంపల్లి స్టేషనులో దిగినవారు ఆబిడ్సులో గుడ్డలో, పిల్లలకు పుస్తకములో కొని తిరిగి రైలెక్కుట మామూలే. పనిలోపనిగా పురుగుమందు కూడ పట్టుకొని రమ్మని ఇరుగుపొరుగువారు చెప్పి పంపుచుందురు. ఈ అలవాటు మంచిది కాదు. ప్రయాణికుల పెట్టెలో విషపదార్థములు తీసికొనిపోవుట నిషిద్ధము. పైగా సద్దిమూట ఉన్న సంచిలోనే మందు సీసా పెట్టినచో మూత కొంచెము వదులైనను ప్రాణము మీదికి వచ్చును.

మందును సొంత మండలములో లైసెన్సుగల దుకాణమునందే కొనవలెను. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము ప్రకారము లైసెన్సు లేనివారు అమ్మరాదు. బ్యాచి నంబరు వేయించి బిల్లు తీసికొనుడు. మందు పనిచేయక పైరు పోయిననాడు ఫిర్యాదుకు ఆ కాగితమే ఆధారము.

డబ్బాపై మూలమీద నిలిపిన చతురస్రము, దాని క్రింది సగమున రంగు ఉండును. ఎరుపు అతి విషము. పుర్రెగుర్తు దీనికే ఉండును. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా విషము తగ్గుచుండును. ఆకుపచ్చ అనగా త్రాగదగినదని కాదు సుమా!

మోనోక్రోటోఫాస్ ఎరుపు తరగతిది. కూరగాయలపై దానిని 2005లోనే నిషేధించినారు. ఇట్టి భాస్వర సంబంధమైన మందులు పురుగు నరములను దెబ్బతీసినట్లే మనిషి నరములను కూడ దెబ్బతీయును. నోటితోనే కాక చర్మముగుండ కూడ ఒంటికెక్కును. చల్లువానికి చెమటలు పోసి, నోట చొంగకారి, కంటిపాపలు సూదిమొనవలె చిన్నవైనచో వెంటనే తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి ఆసుపత్రికి చేర్చవలెను. డబ్బాను కూడ తీసికొనిపోయి చూపుడు. దీనికి డాక్టర్లు ఇచ్చు విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షను. నాటువైద్యముతో గంటలు పోగొట్టరాదు.

మందు ఎక్కువైన పురుగు పోవునను నమ్మకము కూడ తప్పే. 1980 దశకమున గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిరైతులు సింథటిక్ పైరిత్రాయిడ్లను పదేపదే చల్లగా మిత్రపురుగులు చచ్చి తెల్లదోమ పెచ్చుపెరిగినది; రైతు అప్పులపాలైనాడు. నాటి ఖమ్మము జిల్లా పునుకుల గ్రామమువారు ఇంకొక త్రోవ పట్టి, వేపకషాయము, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణములతో 2004 నాటికి రసాయన మందులను మానివేసినారు. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, కొద్దిగ సబ్బు కలిపి 100 లీటర్ల నీరు చేసిన చాలును.

రసాయన మందే చల్లవలసి వచ్చినచో గాలికి ఎదురుగ నడువకుడు. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగవలెనో డబ్బాపై వ్రాసియుండును; అన్నాళ్లు ఆగుడు. నాంపల్లిలో ఆ కూర వండుకొనువారు మన చుట్టములే కావచ్చును. ఖాళీ డబ్బాలో మంచినీళ్లు, నూనె పోయక, చిల్లులు పొడిచి చెరువుకు దూరముగా పాతిపెట్టుడు.