మోగే రాళ్ళు, బూడిద గుట్టలు, కనబడని కాట్లు
మోక సీమలో అతీత శక్తుల మీద అపోహలు – వాస్తవాలు

బళ్ళారి నుంచి మోకకు పోయే దారిలో సంగనకల్లు, కుప్పగల్లు గుట్టలు ఉన్నాయి. వాటిలో హిరేగుడ్డ మీద నల్లని గుండ్లు కొన్నిటిని చిన్న రాయి పుచ్చుకుని కొడితే గుడి గంటలా ఖంగున మోగుతాయి. పక్కనే ఉన్న మరో గుండును కొడితే ఏమీ ఉండదు, మామూలు రాయి చప్పుడే. మోగే రాయిని మొదటిసారి విన్నవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. లోపల బోలుగా ఉందేమో, నిధి ఉందేమో, ఏదైనా శక్తి ఉందేమో అన్న ఊహలు వెంటనే మొదలవుతాయి.

కన్నడమూ తెలుగూ కలగలిసిపోయిన సీమ ఇది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారీ మోకా ఇటు మైసూరులో చేరాయి. గీత పడింది గానీ దయ్యాల కథలు, అమ్మవారి పూనకాలు, చేతబడి భయాలు గీతకు రెండు పక్కలా అవే. ఈ కథల గురించి మాట్లాడేటప్పుడు నాకు బాధ కలిగించేది ఒక్కటే. దయ్యం అని ఒకరు, అదంతా ఉత్తదే అని మరొకరు చెరొక మాట అనేసి అక్కడితో ఆగిపోతారు. రాయి ఎందుకు మోగిందో ఇద్దరూ చూడరు.

అపోహ: మోగే రాయి బోలు రాయి, లోపల ఏదో ఉంది

లోపల రాయే ఉంది. ఈ గుట్టలు గ్రానైటువే అయినా, హిరేగుడ్డను చీల్చుకుంటూ డోలరైట్ అనే నల్లరాయి పట్టీ ఒకటి పైకి వచ్చింది. అది దట్టమైన, సన్నని స్ఫటికాలున్న రాయి. అది పగిలి గుండ్లై ఒకదాని మీద ఒకటి పడినప్పుడు కొన్ని రెండు మూడు చోట్ల మాత్రమే కింది రాళ్ళకు ఆని నిలిచాయి. అలా నిలిచిన గుండుకు కంపించే వీలుంటుంది కాబట్టి మోగుతుంది. నేలలో సగం కూరుకుపోయిన గుండులో ఆ కంపనాన్ని మట్టి మింగేస్తుంది.

ఈ గుట్ట మీది బొమ్మల గురించి ఫాసెట్ అనే ఆంగ్లేయుడు 1892లోనే రాశాడు. తర్వాత ఆ సంగతి దాదాపు మరుగున పడింది. పురావస్తు శాస్త్రవేత్త నికోల్ బోయివిన్ 2004లో ప్రచురించిన పరిశోధనతో మళ్ళీ ప్రపంచం కంటబడింది. గుండ్ల మీద మూపురమున్న ఎద్దులు, మనుషులు, నాట్యాల లాంటి బొమ్మలు చెక్కి ఉన్నాయి. చాలావరకు నవీన శిలాయుగం నాటివి. కొన్ని బొమ్మలను గుండు అంచున వేలాడితే తప్ప చెక్కలేరు. మోగే రాళ్ళ మీద ఒకే చోట పదేపదే కొట్టడం వల్ల పడిన గుంటలు ఉన్నాయి. నాలుగైదు వేల ఏళ్ళ కింద ఇక్కడి పశువుల కాపరులు ఈ రాళ్ళను వాయించారు. ఎందుకు, ఏ వేళలో, ఎవరు విన్నారు అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. నా దృష్టిలో ఈ గుట్టకున్న అసలు రహస్యం ఇదే. ఏ దయ్యం కథా దీని ముందు నిలవదు. ఇంత విలువైన గుట్ట అంచులను కంకర క్వారీలు కొరుక్కు తిన్నాయి. ఇక్కడ దొరికిన పనిముట్లను బళ్ళారిలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్ సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాలలో చూడొచ్చు. మోక పిల్లలను బడి తరఫున ఒకసారి అక్కడికి తీసుకెళ్ళడం ఏమంత కష్టం కాదు.

అపోహ: బూడిద గుట్టలు రాక్షసుల చితులు

బళ్ళారి నుంచి హొసపేటకు పోయే దారిలో కుడితిని దగ్గర పెద్ద బూడిద దిబ్బ ఉంది. హంపి దగ్గరి నింబాపురం దిబ్బను రాముడి చేతిలో చచ్చిన వాలిని కాల్చిన చోటుగా ఇప్పటికీ చూపిస్తారు. కిష్కింధ ఇదేనని నమ్మే సీమలో ఆ కథ పుట్టడం సహజం. తప్పుపట్టాల్సింది కూడా ఏమీ లేదు. తెల్లని బూడిద, కరిగి గట్టిపడిన చిట్టెం, అక్కడక్కడా ఎముకలు అంత ఎత్తున పోగుపడి ఉంటే మామూలు మనిషి చితి అని ఎవరనుకుంటారు?

చదువుకున్నవాళ్ళూ తడబడ్డారు. 19వ శతాబ్దంలో ఇవి అగ్నిపర్వతం పనేమో అన్నవాళ్ళున్నారు. విజయనగర చరిత్ర రాసిన రాబర్ట్ సీవెల్ అంతటివాడు ఇవి ఆ రాజుల కాలపు సామూహిక దహనాల గుర్తులు కావచ్చనుకున్నాడు. ఇది పశువుల పేడ కాలిన బూడిద అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ చెప్పిన మాట చాలాకాలం ఎవరికీ ఎక్కలేదు. తర్వాత ఫ్రెడరిక్ జాయ్‌నర్ ప్రయోగశాలలో పరీక్షించి అది పేడేనని చూపాడు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వితే పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులే బయటపడ్డాయి. చుట్టూ దుంగలు పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్ళూ దొరికాయి. ఏళ్ళ తరబడి దొడ్లో పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చితే మిగిలిన గుట్టలివి. ఈ కథనంతా ఆల్చిన్ 1963లో పుస్తకంగా తెచ్చాడు.

పొలానికి బంగారం లాంటి ఎరువును వాళ్ళు ఎందుకు కాల్చేశారు? పశువులకు రోగం వచ్చిందా, పండగ చేసుకున్నారా, వలస పోతూ నిప్పు పెట్టారా? పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

అపోహ: చింతచెట్టు కింద దయ్యం… అదే "సైన్సు" చెబితే బొగ్గుపులుసు వాయువు

ఇందులో రెండో సగమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. రాత్రి చెట్టు కింద పడుకుంటే అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో ఊపిరాడదని, అందుకే పెద్దలు దయ్యం పేరు పెట్టారని బళ్ళో చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. రాత్రి చెట్టు వదిలే వాయువు ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. దానికంటే పక్కన పడుకున్న మనిషి ఊపిరే మన ముక్కుకు దగ్గర. చీకట్లో చెట్టు కింద భయపడాల్సింది పాముకు, తేలుకు, పెళుసు కొమ్మకు.

గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, కళ్ళు తెరిచినా కాలూ చెయ్యీ కదలనట్టు అనిపించడం మాత్రం కల్పన కాదు. కలలు వచ్చే నిద్రలో శరీరం కండరాలను కట్టేస్తుంది. ఆ కట్టు విడకముందే మెలకువ వస్తే జరిగేది ఇదే. నిమిషంలోపో, కాసేపటికో పోతుంది. నిద్ర చాలనివాళ్ళలో, వెల్లకిలా పడుకునేవాళ్ళలో ఎక్కువ.

కొరివి దయ్యాల సంగతి కొంచెం ఆగి చూడాలి. హగరి ఏటి ఒడ్డునో, కాలవ కింది మడుల్లోనో రాత్రి కదిలే వెలుగు చాలాసార్లు ఎవరి టార్చో, దూరాన పోయే బండో అవుతుంది. అన్నీ అవే అనడానికి లేదు. చిత్తడి నేలల్లో నీలి మంటలు కనిపిస్తాయని ప్రపంచమంతా చెప్పుకుంటారు. బురద నుంచి వచ్చే మండే వాయువును 1776లో అలెస్సాండ్రో వోల్టా పట్టి చూశాడు. అదే మీథేన్. మీథేన్ తనంతట తాను అంటుకోదు, మరి నిప్పు ఎక్కడిది? "అది వాయువే లే" అన్నవాళ్ళు రెండు వందల ఏళ్ళు ఈ ప్రశ్నను దాటేశారు. 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ జేర్ బృందం నీటిలోని మీథేన్ బుడగల మధ్య అతి చిన్న మెరుపులు పుడుతున్నాయని, అవి వాయువును వెలిగించగలవని ప్రయోగంలో చూపింది. బయట చిత్తడిలో జరిగేది అచ్చంగా ఇదేనా అన్నది ఇంకా చూడాలి.

అపోహ: గుండం తొక్కేవాళ్ళు కాళ్ళకు పసరు పూసుకుంటారు

పీర్ల పండగకు ఈ సీమలో హిందువులూ ముస్లిములూ కలిసి గుండం తొక్కుతారు. భక్తులు అది స్వామి మహిమ అంటారు. నమ్మనివాళ్ళు ఏదో పసరు పూసుకున్నారంటారు. 1935లో హారీ ప్రైస్ అనే పరిశోధకుడు ఇంగ్లండులో కుదా బక్ష్ అనే కాశ్మీరీని నిప్పుల మీద నడిపించాడు. ముందుగా వైద్యులు ఆయన పాదాలు కడిగి, పరీక్షించారు. నిప్పుల పైభాగం 430 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంది. ఆయన కాళ్ళు కాలలేదు. పసరూ లేదు. కట్టె బొగ్గు వేడిని చాలా నెమ్మదిగా అందిస్తుంది, పైన బూడిద పొర అడ్డుంటుంది, అడుగు ఆనేది సెకను లోపే. అదే వేడిలో ఉన్న ఇనుప రేకు మీద అడుగు వేస్తే చర్మం ఊడొస్తుంది.

మోసగాళ్ళన్న నింద నడిచేవాళ్ళకు తగదు. వాళ్ళ ధైర్యం నిజం. నిలబడిపోతే, తడబడి పడితే కాలడం కూడా అంతే నిజం. పసిపిల్లల్ని చంకనెత్తుకుని గుండం దాటడం ఏ మొక్కుకైనా వద్దు.

అపోహ: అరచేతిలో టెంకాయ లేస్తే కింద నీళ్ళు

బోరు వేసే ముందు అరచేతిలో పీచు టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగే పెద్దమనిషి ఈ సీమలో తెలియనివాళ్ళుండరు. టెంకాయ నిలువుగా లేస్తుంది, మన కళ్ళ ముందే. ఆయన మోసం చేయట్లేదు. అరచేతి మీద నిలకడ లేని వస్తువు అది. తనకు తెలియకుండానే కండరం రవ్వంత కదిలితే చాలు. 1853లో మైఖేల్ ఫారడే ఇలాంటి దాన్నే పరీక్షించాడు. చేతులు ఆనిస్తే ఆత్మలు బల్లను కదిలిస్తున్నాయని జనం నమ్ముతున్న రోజులవి. చేతులకూ బల్లకూ మధ్య మెత్తని జిగురుతో అట్టముక్కల పొరలు పెట్టాడు. ముందు జరిగింది పై పొర, అంటే చేతులు ముందు, బల్ల వెనుక.

మరి నీళ్ళు ఎలా పడ్డాయి? గట్టిరాతి నేలలో నీళ్ళు చివికిన రాతి పొరలో, బండల పగుళ్ళలో ఉంటాయి. లోతుగా పోతే చాలాచోట్ల ఎంతో కొంత తగులుతాయి. పడిన బోరును ఊరంతా చెప్పుకుంటుంది. ఎండిన బోరు అప్పు మాత్రం ఆ ఒక్క రైతు ఇంట్లోనే ఉండిపోతుంది. విద్యుత్ నిరోధం కొలిచే భూగర్భ సర్వే కూడా గ్యారంటీ ఇవ్వదు. కాకపోతే అది నేలను అడుగుతుంది, టెంకాయ మన చేతిని అడుగుతుంది.

అపోహ: రాత్రి బాగున్నవాడు తెల్లారి చచ్చాడు, ఎవరో చేయించారు

ఇప్పటిదాకా చెప్పినవి నమ్మినా పెద్ద ప్రాణాపాయం లేదు. ఇది అలా కాదు.

నేల మీద చాప పరుచుకుని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు. వాంతి చేసుకుంటాడు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి తగ్గుతుంది. ఒంటి మీద గాయం లేదు. ఇంట్లోవాళ్ళకు చేతబడో బాణామతో గుర్తొస్తుంది. ఎవరో ఒక ముసలమ్మ మీద, ఒక ఒంటరి ఆడమనిషి మీద అనుమానం పడుతుంది. ఒక చావుకు రెండో అన్యాయం తోడవుతుంది.

ఇవి కట్లపాము కాటు లక్షణాలు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, కాటు గుర్తు తరచూ కనబడదు. దాని విషం నరానికీ కండరానికీ మధ్య సంకేతాన్ని తెంపేస్తుంది. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు, అంటే ఏటా సగటున 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల్లోనే. కర్ణాటక 2024లో పాముకాటును తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది.

మంత్రం వేస్తే బతికినవాళ్ళు లేరా అంటారు. ఉన్నారు. చాలా పాములకు విషమే ఉండదు. విషపాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. ఆ బతుకులన్నీ మంత్రగాడి ఖాతాలో పడతాయి. చచ్చినవాళ్ళది విధిరాత అవుతుంది.

కర్ణాటకలో ఇందుకు చట్టం ఉంది. అమానుష దురాచారాలు, చేతబడుల నిరోధక చట్టాన్ని 2017లో చేశారు, 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. పాము, తేలు, కుక్క కాట్లకు వైద్యం అందకుండా ఆపి మంత్రతంత్రాలు చేయడం దీని కింద నేరం. దయ్యం వదిలిస్తామని కొట్టడం, గొలుసులతో కట్టడం కూడా నేరమే. శిక్ష ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు. ఈ చట్టం పూజలనూ జాతరలనూ నిషేధించిందన్న ప్రచారం నిజం కాదు. ప్రదక్షిణలు, యాత్రలు, ఇంటి పూజలు, పండగలను అది ముట్టుకోలేదు. నిరుడు దాకా నవ్విన పిల్ల ఇవాళ గోడవైపు తిరిగి తనలో తాను మాట్లాడుకుంటుంటే దయ్యం అనుకుని మంత్రగాణ్ణి పిలిచే కంటే ముందు మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ఉచిత సేవలో తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు.

కాటు అనుమానం వచ్చిందా, కోయకండి, నోటితో పీల్చకండి, తాడు బిగించి కట్టకండి. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. మన దేశంలో ఇచ్చే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారైంది, కాబట్టి పామును చంపి పట్టుకుపోయే పని లేదు. ఆసుపత్రిలో డాక్టరుతో చెప్పాల్సింది రెండే ముక్కలు: రాత్రి నేల మీద పడుకున్నాడు, రెప్పలు ఎప్పటి నుంచి వాలుతున్నాయి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే కట్లపాము లోపలికి రాలేదు.