కూలిపోవడానికే ఎగిరే విమానానికి ఎంత ఇంజిన్ కావాలి?

2023 డిసెంబరులో బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో ఆకాశ్ క్షిపణి వ్యవస్థ ఒకేసారి నాలుగు మానవరహిత లక్ష్యాలను కూల్చింది. హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న ఆ క్షిపణిని అందరూ మెచ్చుకున్నారు. కూలిన లక్ష్యాల గురించి ఎవరూ మాట్లాడలేదు. గురి నేర్పేది అవే, కాబట్టి అవి చవగ్గా ఉండాలి. అందుకే వాటిని ఎగరేయడానికి పల్స్‌జెట్ అనే సాదాసీదా ఇంజిన్‌ను తేలిగ్గా తీసిపారేయకూడదని నా వాదన. మోమిన్‌పేట్‌లో వెల్డింగ్ పని చేసే మనిషికైనా దాని నిర్మాణం చూడగానే అర్థమవుతుంది: పొడవాటి గొట్టం, ముందు పలుచటి స్ప్రింగు స్టీలు రెక్కలు. గాలి లోపలికి రాగానే ఇంధనం మండుతుంది, ఆ ఒత్తిడికి రెక్కలు టక్కున మూసుకుంటాయి, వేడి వాయువు వెనక నుంచి దూసుకుపోతుంది. లోపల ఒత్తిడి పడిపోగానే రెక్కలు మళ్లీ తెరుచుకుంటాయి. 1944లో లండన్ మీద పడ్డ జర్మన్ వి-1 ఎగిరే బాంబులో ఇది సెకనుకు సుమారు 45 సార్లు జరిగేది. తిరిగే చక్రాలు లేవు. ఒకసారి రాజుకున్నాక స్పార్క్ ప్లగ్ అవసరమూ లేదు.

ఇంధనం విపరీతంగా తాగుతుంది, చెవులు చిల్లులు పడే మోత, రెక్కలు త్వరగా అరిగిపోతాయి అంటారు. అన్నీ నిజమే. కానీ కాసేపట్లో కూలిపోయే విమానానికి ఏళ్ల తరబడి మన్నే ఇంజిన్ ఎందుకు? రష్యా ఇ-95 లక్ష్యాన్ని పల్స్‌జెట్‌తోనే ఎగరేసింది. అసలైన అభ్యంతరం వేగం. ధ్వని వేగానికి దగ్గరయ్యే శత్రు విమానాన్ని అనుకరించడం దీనివల్ల కాదు. మన దేశపు లక్ష్య విమానాలైన ‘లక్ష్య’, ‘అభ్యాస్’ టర్బైన్ ఇంజిన్లతో ఎగరడం అందుకే సమంజసం. అయితే నెమ్మదైన డ్రోన్లను కూల్చే సాధనకు అంత ఖరీదైన ఇంజిన్‌ను బలి ఇవ్వనక్కర్లేదు.