పరుల ముక్తికై ప్రార్థించవచ్చునా?

సంధ్యవేళ దేవుని ముందు దీపం వెలిగించి మనం ఏమేమి కోరుకుంటామో ఒక్కసారి గుర్తుచేసుకోండి. పిల్లలకు చదువు, పెద్దలకు ఆరోగ్యం, ఇంటికి సుఖశాంతులు, చివరగా లోకమంతా చల్లగా ఉండాలన్న శుభాకాంక్ష. ఇతరుల క్షేమాన్ని కోరడం మనకు కొత్త కాదు. కాని ఇతరుల మోక్షాన్ని కోరి చేతులు జోడించేవారు మనలో ఎందరు? ‘మోక్షం ఎవరికి వారు సాధించుకోవలసినది, అందులో మరొకరి ప్రమేయమేమిటి?’ అని ఊరుకుంటాము.

అదే సమయంలో పొరుగింటి క్రైస్తవ సోదరి ఎప్పుడో ఒకనాడు, ‘మీ రక్షణ కోసం మేము ప్రార్థన చేస్తున్నామండీ’ అంటుంది. కొందరికి ఆ మాట ఆప్యాయంగా తోస్తుంది. మరికొందరికి మనసు చివుక్కుమంటుంది. ‘మాకేం లోటని మా కోసం ప్రార్థిస్తున్నారు?’ అనిపిస్తుంది. ఈ రెండు భావాలలో ఏది సమంజసం? అసలు ఒకరి ముక్తి కోసం మరొకరు ప్రార్థించవచ్చునా? ప్రార్థిస్తే ఏ తీరున ప్రార్థించాలి? ఆస్తికులైన ప్రతివారూ శాంతంగా ఆలోచించవలసిన విషయమిది.

క్రైస్తవుల ‘రక్షణ’

ముందుగా వారి భావనను వారి దృష్టితో తెలుసుకోవడం న్యాయం. మనం మోక్షమంటే జననమరణ చక్రం నుండి విడుదల అనుకుంటాము. క్రైస్తవులు రక్షణ అంటే పాపం నుండి, దాని ఫలితం నుండి క్రీస్తు ద్వారా దైవకృపతో లభించే విడుదల అని భావిస్తారు. అది స్వప్రయత్నంతో కాక కృపతోనే లభిస్తుందన్నది వారి విశ్వాసం. అందుచేత ఆ కృప మరొకరిపై ప్రసరించాలని వేడుకోవడం వారికి సహజధర్మం. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో తన స్వజాతీయులు రక్షింపబడాలన్నదే తన హృదయాభిలాష అనీ, దేవునికి తాను చేసే ప్రార్థన అనీ తెలిపాడు. తనను హింసించేవారి కోసం సైతం ప్రార్థించాలన్నది ఏసుక్రీస్తు బోధ.

ఈ ప్రార్థనకు వారు చూపే గొప్ప ఉదాహరణ ఒక తల్లిది. నాల్గవ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాకు చెందిన మోనికా అనే సాధ్వి, దారితప్పిన తన కుమారుడు అగస్టీన్ కోసం ఏళ్ల తరబడి కన్నీటితో ప్రార్థించింది. ఆ కుమారుడు 387లో మిలాన్ నగరంలో జ్ఞానస్నానం పొంది, తరువాత క్రైస్తవ లోకానికే మహాచార్యుడయ్యాడు. చెడు సావాసాలలో పడిన కొడుకు కోసం ఏడుకొండలవానికి మొక్కుకునే మన తల్లికీ ఆ తల్లికీ భేదమేముంది? మతాలు వేరైనా మాతృహృదయం ఒక్కటే.

ఒంగోలు కొండ చెప్పే పాఠం

మన తెలుగునాటనే ఇటువంటి ప్రార్థన ఒకటి చరిత్రకెక్కింది. నెల్లూరు కేంద్రంగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనుకు ఏళ్లు గడిచినా ఫలితం కనబడలేదు. దానిని మూసివేయాలన్న ఆలోచన కూడా సాగింది. అటువంటి తరుణంలో, 1854 జనవరి 1న వేకువనే లైమన్ జూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులోని ఒక కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ ప్రాంత ప్రజల కోసం ఒక బోధకుడిని పంపమని వేడుకున్నారు. ఆ కొండకు ‘ప్రేయర్ మీటింగ్ హిల్’ అన్న పేరే స్థిరపడింది. పన్నెండేళ్ల తరువాత, 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు.

1876-78 నాటి ఘోరక్షామంలో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటించే వేలాదిమందికి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని క్షామకాలంలో జ్ఞానస్నానాలను నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది జ్ఞానస్నానం పొందారు.

ఇది చదివి మనం ఆగ్రహించనవసరం లేదు, ఆశ్చర్యపోనవసరం లేదు. అలా వెళ్లినవారిలో అధికులు మన ఊళ్ల వెలివాడలలో నివసించినవారే. వారికి గుడి వాకిలి మూసి ఉండేది. మంత్రం చెవిన పడే అవకాశం లేదు. ‘నీకూ దేవుడున్నాడు, నీకూ ముక్తి ఉంది’ అని వారితో చెప్పినవారు అరుదు. మనం వారి ముక్తి కోసం ఏనాడైనా ప్రార్థించామా? ఈ ప్రశ్నను ఎవరికి వారు వేసుకోవాలి.

మన శాస్త్రం ఏమంటున్నది?

‘ఎవరిని వారే ఉద్ధరించుకోవాలి’ అని గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఉపదేశించాడు. కర్మఫలం చేసినవానికే చెందుతుందని మన సిద్ధాంతం. అటువంటప్పుడు పరుల ముక్తికై ప్రార్థన వ్యర్థం కాదా అన్నది సహజమైన సందేహం.

సమాధానం మన ఆచారంలోనే ఉంది. పితృకార్యం ఎందుకు చేస్తున్నాము? గతించినవారికి సద్గతి కలగాలనే కదా! ఆ తర్పణాలలో మన వంశీయులకే కాదు, నా అన్నవారు లేక గతించిన అనాథ జీవులకు కూడా నీరు విడవడం ఉంది. శ్రీవైష్ణవ సంప్రదాయంలో శిష్యుని తరఫున ఆచార్యుడే భగవంతునికి శరణాగతి విన్నవించే పద్ధతి ఉంది. పరుల ఉత్తమగతిని కోరడం మన ధర్మానికి అపరిచితం కానేకాదు.

భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాదుని చూడండి. నరసింహస్వామి ప్రత్యక్షమై నిలిచిన ఆ క్షణంలో ఆ బాలుడు ఏమన్నాడు? మునులు తమ ముక్తి కోసం ఏకాంతంలో మౌనం దాలుస్తారు గాని, దీనులైన ఈ జనులను విడిచి తానొక్కడే తరించడానికి ఇష్టపడనన్నాడు. పిమ్మట తనను ఏనుగులతో తొక్కించి, అగ్నిలో త్రోయించిన తండ్రి కూడా పాపం నుండి పవిత్రుడు కావాలని వరమడిగాడు. ఇరవై ఒక్క తరాల పితరులతో సహా అతడు పవిత్రుడైనాడని స్వామి అనుగ్రహించాడు. హింసించినవాని ముక్తిని కోరిన ఆ ప్రార్థనకు మించినది ఏ మతంలోనైనా ఉంటుందా?

ఇక స్వప్రయత్నం మాట. విత్తనం మొలకెత్తడం దాని స్వభావం. కాని దానికి నీరు పోసేవారు, ముళ్లపొద తొలగించేవారు కావాలి. మన ప్రార్థన మరొకరి సాధనకు బదులు కాదు, ఆ సాధనకు అండ. పైగా ఎవరి మేలు కోసం మనం నిత్యం భగవంతుని వేడుతామో వారిని ఎక్కువకాలం ద్వేషించలేము. ఆ ప్రార్థన ముందుగా మన చిత్తాన్నే శుద్ధి చేస్తుంది.

ఏర్పేడు చూపిన బాట

ఈ సత్యాన్ని మాటలతో గాక జీవితంతో నిరూపించిన మహనీయుడు మన తిరుపతి చెంతనే వెలశారు. రేణిగుంట నుండి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు వద్ద ఉన్న శ్రీవ్యాసాశ్రమం మీలో చాలామంది దర్శించే ఉంటారు. దాని స్థాపకులు శ్రీ అసంగానందగిరి స్వామివారు. మలయాళదేశం నుండి వచ్చినందువల్ల లోకం ఆయనను మలయాళస్వామిగా పిలుచుకున్నది.

1885లో కేరళలో గురువాయూరు ప్రాంతంలో జన్మించిన ఆయనకు గురువు శివలింగస్వామి. ఆ శివలింగస్వామి నారాయణగురువు శిష్యులు. గుడిలో అడుగుపెట్టే హక్కులేని జనుల కోసం 1888లో అరువిప్పురంలో శివలింగాన్ని ప్రతిష్ఠించిన నారాయణగురువు పరంపర అది. మలయాళస్వామి దేశాటనం చేసి తిరుమల చేరి, కొండమీది గోగర్భం వద్ద పన్నెండేళ్లు తపస్సు చేశారు. తన ముక్తి మాత్రమే ఆయనకు లక్ష్యమైతే ఆ గుహ చాలును. కాని ఆయన కొండ దిగివచ్చారు. 1926లో ఏర్పేడులో ఆశ్రమాన్ని నెలకొల్పారు.

ఏమి కోసం? స్త్రీలకు, శూద్రులకు వేదాధ్యయనం తగదు, ప్రణవం తగదు, బ్రహ్మవిద్య తగదు అని నిషేధిస్తున్న కాలమది. ఆ నిషేధం శాస్త్రహృదయం కాదని ఆయన శాస్త్రప్రమాణాలతోనే వాదించి ‘శుష్కవేదాంత తమోభాస్కరము’ అనే గ్రంథం రచించారు. ఓంకారోపాసనకు, బ్రహ్మవిద్యకు అర్హత జన్మ వల్ల గాక సాధన వల్ల కలుగుతుందన్నారు. మాటతో ఆగక స్త్రీలకు, అన్ని కులాలవారికి ఆశ్రమద్వారం తెరిచారు. సంస్కృతవిద్య నేర్పించారు. 1962లో సిద్ధిపొందే వరకు అదే ఆయన యజ్ఞం. ఆయన శిష్యులైన విద్యాప్రకాశానందగిరి స్వామి శ్రీకాళహస్తిలో శుకబ్రహ్మాశ్రమం స్థాపించి, ‘గీతామకరందము’ ద్వారా గీతను తెలుగువారి ఇంటింటికీ చేర్చారు.

శ్రీరామానుజుల గాథ మీకు తెలియనిది కాదు. పద్దెనిమిది మార్లు తిరిగి గురువు వద్ద పొందిన మంత్రార్థాన్ని తిరుకోష్టియూరు ఆలయం మీదినుండి అందరికీ చాటి, ‘ఇందరు తరిస్తే నేనొక్కడిని నరకానికి పోయినా సరే’ అన్నారని పెద్దలు చెబుతారు. ఏర్పేడు స్వామిది అదే హృదయం. పరుల ముక్తిని నిజంగా కోరినవాడు ప్రార్థించి ఊరుకోడు, వారి దారిలోని అడ్డును తొలగిస్తాడు.

ప్రార్థనకు గీటురాయి

అలాగని పరుల కోసం చేసే ప్రార్థనలన్నీ ఒక్కటి కావు. 1999లో అమెరికాకు చెందిన సదరన్ బాప్టిస్టు సంస్థ ఒకటి, దీపావళి దినాలలో హిందువుల కోసం ప్రార్థించమని తమవారికి ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. హిందువులు గాఢాంధకారంలో ఉన్నారన్న ధోరణి అందులో ఉండడంతో అక్కడి మనవారు నొచ్చుకున్నారు, నిరసన తెలిపారు. దీపాల పండుగనాడు ‘మీది చీకటి’ అనిపించుకోవడం ఎవరికి బాధ కలిగించదు? కోరింది మేలే అయినా, ఎదుటివానిని హీనునిగా చూసే కోరికలో అహంకారం కలుస్తుంది.

మహాత్మాగాంధీ 1928లో సబర్మతిలో వివిధ మతాలవారితో మాట్లాడుతూ దీనికి చక్కని మార్గం సూచించారు. తనకు లభించిన వెలుగునే ఇతరులకూ ఇమ్మని దేవుని అడగరాదనీ, వారి పరిపూర్ణతకు ఏ వెలుగు, ఏ సత్యం అవసరమో దానిని ఇమ్మని అడగాలనీ ఆయన భావం. గీతాచార్యుడు కూడా సర్వమూ బోధించి, చివరకు ‘బాగా విచారించి నీ ఇష్టం వచ్చినట్లు చేయి’ అని అర్జునునికే విడిచిపెట్టాడు. జగద్గురువే ఇచ్చిన స్వేచ్ఛను మనం హరించవచ్చునా?

కనుక పరుల ముక్తికై చేసే ప్రార్థనను మూడు ప్రశ్నలతో పరీక్షించుకోండి. ఎదుటివానిని నాకంటె తక్కువవానిగా తలచి ప్రార్థిస్తున్నానా? అతని నిర్ణయాన్ని అతనికి విడిచిపెడుతున్నానా? అతని కోసం ప్రార్థించిన నేను అతని ఆకలికి, అవమానానికి ఏమి చేశాను? ఈ గీటురాయి క్రైస్తవుల ప్రార్థనకెంత వర్తిస్తుందో మన ప్రార్థనకూ అంతే వర్తిస్తుంది.

పొరుగింటి సోదరి ‘మీ కోసం ప్రార్థిస్తున్నాము’ అంటే కోపగించకండి. అందులోని ప్రేమను స్వీకరించండి. ‘సంతోషమమ్మా, మీ కోసం మేము కూడా స్వామిని వేడుకుంటాము’ అని మనసారా బదులివ్వండి. ప్రలోభమో బలవంతమో ఎదురైతే మృదువుగానే, స్థిరంగా వద్దనండి. మన మార్గంపై మనకు నిష్ఠ ఉంటే ఇతరుల ప్రార్థన మనలను కదిలించదు.

దారితప్పిన బిడ్డ కోసం కుమిలే తల్లిదండ్రులారా! బిడ్డను నిందించడం తగ్గించి, వాని పేరు తలచి నిత్యం దీపం ముందు నిలవండి. వాడు మారే రోజును భగవంతునికి విడవండి. వాడు తిరిగివచ్చే వాకిలిని మాత్రం మీరు మూయకండి. అలాగే మన వీధిలో, మన గుడిలో, మన పంక్తిలో ఇంకా ఎవరికి వాకిలి మూసి ఉన్నదో గమనించండి. వారి ముక్తిని కోరి చేతులు జోడించిన తరువాత, ఆ చేతులతోనే ఆ తలుపు గడియ తీయండి. అప్పుడే మన ప్రార్థన సఫలమవుతుంది.