తోటమాలి తొడుగు

విత్తనాల కొట్టులో కొక్కేనికి వేలాడే గ్లౌజుల జతను యంత్రమని ఎవరూ అనరు. మోటారు లేదు, చక్రం లేదు, మీట లేదు. అయినా ఒకసారి చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. అరచేతి వైపు గరుకు రబ్బరు పూత, చేతి వెనక గాలాడే అల్లిక, మణికట్టు దగ్గర సాగే పట్టీ, వెనకవైపు అచ్చొత్తిన ఒక అంకె. వీటిలో ఒక్కోదానికీ ఒక్కో పుట్టిల్లు. ఒకటి ఆపరేషన్ గదిలో పుట్టింది, ఒకటి జపాన్ కార్ఖానాలో, ఒకటి ఫ్రాన్సులో షోకు గ్లౌజులు కుట్టే ఊళ్లో. తోట కోసమే పుట్టింది ఒక్కటీ లేదు. ఏ గ్లౌజు ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ చెయ్యిస్తుందో తెలియాలంటే ఆ పుట్టిళ్లు వెతుక్కుంటూ వెళ్లాల్సిందే.

తోటమాలి చేతి తొడుగు ప్రస్తావన సాహిత్యంలో చాలా పాతది. హోమర్ 'ఒడిస్సీ' చివరి సర్గలో, ఇరవై ఏళ్లకు ఇల్లు చేరిన ఒడిస్సియస్ తన ముసలి తండ్రి లాయెర్టీస్‌ను తోటలో చూస్తాడు. మొక్క మొదట్లో మట్టి గుల్ల చేస్తున్న ఆ పెద్దాయన ఒంటిమీద అతుకుల బట్ట, పిక్కలకు తోలు, చేతులకు తొడుగులు. ముళ్లు గీరుకోకుండా అవి తొడుక్కున్నాడని కవి చెబుతాడు. అంతకంటే పాతవి ఈజిప్టులో దొరికాయి. 1922లో బయటపడిన టూటన్‌ఖామెన్ సమాధిలో నార గ్లౌజులున్నాయి. కానీ అవి రాజుగారివి, వాటికి మట్టి అంటి ఉండదు.

ముళ్లకు తోలే మందు అన్న లాయెర్టీస్ లెక్క ఇప్పటికీ తప్పలేదు. గులాబీ కొమ్మలు కత్తిరించాలన్నా, నిమ్మచెట్టు లోపలికి చెయ్యి పెట్టాలన్నా తోలును మించింది లేదు. తోలులోని కొల్లాజెన్ పోగులు నేసిన బట్టలా వరసగా ఉండవు, అన్ని దిక్కులకూ చిక్కుపడి ఉంటాయి. ముల్లు దూరడానికి సందు దొరకదు. చిక్కంతా నీళ్లతోనే. చెట్ల బెరడుతో ఊనిన తోలు తడిసి ఎండితే చెక్కలా బిగుసుకుపోతుంది. మన మద్రాసు ప్రెసిడెన్సీలో తోలు ఊనడానికి వాడిన ముఖ్యమైన బెరడు తంగేడుది. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మ పువ్వుగా మనం చూసే ఆ తంగేడే. దాంతో ఊనిన తోలు ఓడలెక్కి విదేశాలకు పోయేది.

20వ శతాబ్దం మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజినీరు మద్రాసులో క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆయన మనసులో గ్లౌజులు లేవు, మోట బావులున్నాయి. ఎద్దులు లాగే మోటకు కట్టే తోలు తిత్తి పొద్దస్తమానం నీళ్లలో నాని ఎండలో ఆరుతుంది, తొందరగా చివికిపోతుంది. క్రోమియం కొల్లాజెన్ పోగుల మధ్య గట్టి రసాయన వంతెనలు కడుతుంది కాబట్టి ఆ తోలు తడికి అంత తేలిగ్గా లొంగదు, ఎండినా మెత్తగానే ఉంటుంది. తోటలో మనకు కావలసిందీ అదే గుణం. ఇప్పటి తోలు గ్లౌజుల్లో ఎక్కువ భాగం క్రోమ్ తోలువే. పారిశ్రామిక తోలు గ్లౌజుల ఎగుమతిలో కోల్‌కతా పెద్ద కేంద్రం.

తోలు జత కొనేటప్పుడు నునుపు వైపును గోటితో గీరి చూడండి. చర్మం పైపొరతో చేసిందైతే సన్నని రంధ్రాల గీతలు కనిపిస్తాయి, గట్టిగానూ ఉంటుంది. రెండు వైపులా నూగుగా ఉంటే అది కింది పొర తోలు. చవక, వెల్డింగ్ పనికి చాలు. నీరు తగిలిందంటే మాత్రం పీల్చుకుని బరువెక్కుతుంది. మేక తోలు పల్చగా ఉండి కూడా గట్టిది. కత్తెర పట్టే చేతికి నేనైతే దాన్నే ఎంచుకుంటాను, మోచేతి దాకా పొడుగున్నది దొరికితే మరీ మంచిది. గులాబీ ముల్లు అరచేతిని వదిలేసి ముంజేతిని పట్టుకుంటుందని కొమ్మలు కోసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఇక ఆ అంకె సంగతి. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ మేకపిల్ల తోలు గ్లౌజులకు పేరుపడ్డ ఊరు. అక్కడి గ్జవియే జూవాఁ 1830లలో రకరకాల మనుషుల చేతులు కొలిచి, వాటిని సైజులుగా విడగొట్టి, ఒక్కో సైజుకు తోలు కత్తిరించే ఉక్కు అచ్చు తయారుచేశాడు. అంతకుముందు ఎవరి చెయ్యి వాళ్లకు కొలిచి కోయాల్సిందే. చొక్కాకు, జోడుకు ఉన్నట్టు గ్లౌజుకూ సైజు అంకె వచ్చింది అక్కడి నుంచే. ఇప్పటి యూరప్ ప్రమాణంలో 8వ సైజు అంటే, బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ టేపు పెడితే 203 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలు. 7 అంటే 178 మిల్లీమీటర్లు, 9 అంటే 229. మనిషి మారినా లెక్క ఇంత సులువు. అయినా మన కొట్లలో 'ఫ్రీ సైజ్' అంటారు. ఫ్రీ సైజ్ అంటే చాలాసార్లు మగవాడి పెద్ద చెయ్యి. కలుపు తీసేది, మిరపకాయ కోసేది, మిద్దెతోటలో కుండీలు సర్దేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల చేతికి ఆ గ్లౌజు వేలి చివర అరంగుళం వేలాడుతుంది. ఆ వేలాడే ముక్క కలుపుతో పాటు నారునూ పట్టి పీకుతుంది, కత్తెర మధ్యకూ పోతుంది.

వదులైతే ఒక ఇబ్బంది, మందమైతే ఇంకొకటి. అరచేతిలో, వేళ్ల లోపలివైపు కలిపి స్పర్శను పట్టే నాడీ తంత్రులు దాదాపు 17,000 ఉంటాయని అంచనా. వేలి కొసల దగ్గర అవి మరీ దట్టం. మొలక వేరు తెగిందా, మట్టి తడిగా ఉందా, కింద ఉన్నది రాయా దుంపా అన్నది కంటి కంటే ముందు వేలికే తెలుస్తుంది. మందం గ్లౌజు ఆ కబురు ఆపేస్తుంది. కబురు అందని చెయ్యి అవసరానికి మించి బిగించి పట్టుకుంటుంది, గంటలో నరాలు లాగేస్తాయి. తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే: గ్లౌజు తీసి గట్టు మీద పెడతాం. గట్టు మీది గ్లౌజు ఎవరి చేతినీ కాపాడదు. అందుకే సుఖంగా ఉండటం అనేది గ్లౌజుకు అదనపు సోకు అనుకోను, అది రక్షణలో సగం. కొనేముందు తొడుక్కుని పిడికిలి బిగించండి. వేళ్ల మధ్య చర్మం లాగకూడదు, అరచేతిలో మడత పడకూడదు. నేల మీది ఒక చిన్న నాణెం తీయగలిగితే మొలకలు నాటడానికీ అది పనికొస్తుంది.

రబ్బరు కథ ఆసుపత్రిలో మొదలైంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిని 1889లో తెరిచారు. అక్కడ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ దగ్గర పనిచేసే నర్సు కరోలిన్ హాంప్టన్‌కు, చేతులు కడిగే పాదరసపు మందు పడక చర్మం పొక్కిపోయింది. మంచి నర్సును వదులుకోలేక హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీకి చెప్పి పల్చని గ్లౌజులు చేయించాడు. 1890లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. గ్లౌజు కథల్లో జనానికి బాగా గుర్తుండేది ఈ పెళ్లే. నాకు ముఖ్యమనిపించేది వేరు. రోగికి చీము పట్టకుండా కాపాడుతుందని ఆ తొడుగుకు తర్వాత పేరొచ్చింది గానీ, అది పుట్టింది మందు నుంచి చేతిని కాపాడటానికి. పురుగుమందు కలిపే రైతు చేతికి కావలసింది సరిగ్గా ఆ తొలి గ్లౌజే.

అదే ఆసుపత్రికి 1896లో చెయ్యి పుండ్లతో ఒక రోగి వచ్చాడు. బెంజమిన్ షెంక్ అనే వైద్య విద్యార్థి ఆ పుండ్ల నుంచి ఒక శిలీంధ్రాన్ని వేరుచేసి, 1898లో దాని గురించి రాశాడు. స్పోరోథ్రిక్స్ అనే ఈ శిలీంధ్రం మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, ముళ్ల మీద బతుకుతుంది. ముల్లు గుచ్చుకున్న చోట చిన్న గడ్డ లేస్తుంది, తర్వాత చేతి పొడవునా వరసగా గడ్డలు పాకుతాయి. దీనికి గులాబీ తోటమాలి జబ్బని పేరు. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ వంటి హిమాలయ పాదప్రాంతాల్లో ఎక్కువ. ధనుర్వాతం క్రిమి మాత్రం ఏ ఊరి మట్టిలోనైనా ఉంటుంది. దానికి ఇంజెక్షనే దిక్కు, గ్లౌజు గుచ్చుకోవడాన్ని తగ్గిస్తుందంతే.

అల్లిక గ్లౌజు జపాన్‌లోని వకయామాలో రూపుదిద్దుకుంది. 1937లో పుట్టిన మసహిరో షిమా యుద్ధం తర్వాతి లేమిలో పెరిగాడు. పనివాళ్ల నూలు గ్లౌజు యంత్రంలో చిక్కితే దాంతో పాటు చెయ్యీ పోయేది. షిమా కుర్రతనంలోనే మణికట్టు దగ్గర రబ్బరు దారం పెట్టి, చిక్కినప్పుడు చెయ్యి జారి బయటపడేలా గ్లౌజు చేశాడు. ఇప్పుడు మనం మట్టి లోపలికి పోకుండా ఉందని మెచ్చుకునే సాగే పట్టీ వెనక ఉన్నది ఆ భయం. 1962లో ఆయన షిమా సేకి కంపెనీ పెట్టాడు. 1960ల మధ్యకల్లా గ్లౌజును తనంత తానే అల్లే యంత్రం తెచ్చాడు, తర్వాత కుట్టు అన్నదే లేకుండా అల్లేదీ వచ్చింది. ఆ యంత్రం పనిచేసే తీరు చూడముచ్చట. రెండు వరసల సూదులు ఎదురెదురుగా. మొదట చిటికెన వేలి కొస, గొట్టంలా. తర్వాత ఉంగరపు వేలు, మధ్య వేలు, చూపుడు వేలు, నాలుగూ కలిసి అరచెయ్యి, ఆపైన బొటనవేలు వచ్చి కలుస్తుంది, చివర మణికట్టు. కొన్ని నిమిషాల్లో పూర్తి గ్లౌజు కింద పడుతుంది. దాన్ని తలకిందులు చేస్తే చేతులున్న స్వెట్టరులా కనిపిస్తుందని షిమాకు తట్టింది. 1995లో మిలాన్ ప్రదర్శనలో ఆయన కంపెనీ పెట్టిన కుట్టు లేని స్వెట్టరు యంత్రానికి మూలం ఆ ఆలోచనే.

కుట్టు లేదంటే వేలి కొసన ఒరిసే గీత లేదు. దారం ఎంత సన్నమన్నది గేజ్ చెబుతుంది, అంటే అంగుళానికి ఎన్ని సూదులన్నది. 7 గేజ్ మోటు, పార పనికి. 13 రోజువారీ పనికి. 15, 18 నాజూకు, నారు పనికి. అల్లిన గ్లౌజును చేతి ఆకారపు అచ్చుకు తొడిగి, ముందు కాల్షియం నైట్రేటు ద్రావణంలో, తర్వాత అరచేతి భాగాన్ని మాత్రం ద్రవ రబ్బరులో ముంచుతారు. నిమ్మరసం పడ్డ పాలలా రబ్బరు అక్కడికక్కడ విరిగి గడ్డకట్టి దారానికి అంటుకుంటుంది. ఓవెన్‌లో పెడితే గట్టిపడుతుంది.

ఏ రబ్బరు అన్నది చూసుకోవాలి. సహజ రబ్బరు తడిలో బాగా పట్టు ఇస్తుంది, సాగుతుంది, కానీ నూనె తగిలితే ఉబ్బుతుంది, ఎండలో ఆరేస్తే నెర్రెలిస్తుంది, కొందరికి పడదు. 1930లలో జర్మనీలో పుట్టిన నైట్రైల్ నూనెను లెక్కచేయదు, ఒరిపిడికి చాలాకాలం ఆగుతుంది. పాలియురెతేన్ పూత పల్చన, స్పర్శ బాగా తెలుస్తుంది, బురదలో పెడితే తడి లోపలికి వస్తుంది. మన ఎండలకు, రోజూ మట్టిపనికి, నురగ నైట్రైల్ పూసిన 13 గేజ్ జత ఒకటి ఉంటే చాలంటాను. చేతి వెనక తెరిచి ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది.

ఆ తెరిచి ఉండటమే దాని బలహీనత కూడా. పురుగుమందు చేతి వెనక అల్లికలోంచి ఇంకి చర్మానికి అంటుకునే ఉంటుంది. వట్టి నూలు గ్లౌజుతో మందు కలపడం ఉత్త చేత్తో కలపడం కంటే చెడ్డ. ఉత్త చెయ్యైతే కనీసం వెంటనే కడుక్కుంటాం. మందు పనికి లోపల బట్ట లేని, మోచేతి వైపు పొడుగున్న నైట్రైల్ తొడుగే కావాలి. పని అయ్యాక తొడుగు చేతికి ఉండగానే సబ్బుతో కడిగి, తర్వాత తీయాలి. మిరప కోతకూ ఇదే వరస. కారానికి కారణమైన కాప్సైసిన్ నూనెలో కరిగేది, నూలు దాన్ని పీల్చి దాచిపెడుతుంది. వయ్యారిభామ కలుపు పీకేటప్పుడు మణికట్టు కూడా కప్పాలి, దానిలోని పార్థెనిన్ అనే రసాయనం ఒకసారి చర్మానికి ఎక్కితే కొందరికి ఏళ్ల తరబడి దురద వదలదు. కంద, చేమ దుంపల దురదకు కారణం కాల్షియం ఆక్సలేటు సూదులు. వాటికి పల్చటి పూత సరిపోతుంది.

గ్లౌజు వెనక సుత్తి బొమ్మ, దాని కింద '4131' లాంటి అంకెలుంటే అది యూరప్ ఈఎన్ 388 పరీక్ష ఫలితం. వరసగా ఒరిపిడి, కోత, చిరుగు, పోటు. ఒరిపిడిలో 4 అంటే గరుకు కాగితంతో 8,000 సార్లు రుద్దినా చిల్లు పడలేదని. నాలుగో అంకె చూసి ముళ్లను ఆపుతుందని మురిసిపోకండి. ఆ పరీక్షలో గుచ్చేది మేకంత మందం ఉక్కు మొన. అల్లిక దాన్ని ఆపగలదు, గులాబీ ముల్లు రెండు పోగుల మధ్య సందులోంచి దూరిపోతుంది. బ్రహ్మజెముడు నూగు ముళ్లైతే తోలులోనూ దిగబడి, మర్నాడు తొడుక్కున్నప్పుడు గుచ్చుతాయి. దానికి గ్లౌజు కంటే పటకారు మేలు.

కుడిచేతి వాటం వాళ్లకు అరిగేది ఎప్పుడూ కుడి గ్లౌజే, అందులోనూ బొటనవేలు, చూపుడు వేలు కొసలు. ఎడమది కొత్తగా మిగిలిపోతుంది. పూత లేని అల్లిక గ్లౌజుకు ముందూ వెనకా తేడా లేదు, చేతులు మార్చి తొడుక్కుంటే అరగని వైపు పనిలోకి వస్తుంది. పూత ఉన్నవాటికి ఆ వీలు లేదు. అందుకే ఒకేసారి ఒకే రకం రెండు జతలు కొనండి. వాటిని నీడన, వేలి కొసలు పైకి ఉండేలా పుల్లలకు గుచ్చి ఆరబెట్టండి. లోపలికి తిరగేసి జేబులో కుక్కితే పూత మొదట వేలి మడతల దగ్గరే ఊడుతుంది.