ఫోల్డర్ పరిమాణాల్లో తేడాలు: కారణాలు, పరిశీలన విధానం

1. ప్రవేశిక:
తాళపత్రాల ఛాయాచిత్రాలు, క్షేత్రపర్యటనల్లో సేకరించిన ధ్వనిముద్రణలు, టైపు చేసిన పాఠాలు నేడు ఎక్కువగా పరిశోధకుల కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. వాటికి నకలు తీసి, ఫోల్డర్ల పరిమాణాలను పోల్చి, సరిపోతే అసలును తొలగించేవారున్నారు. అయితే డిస్క్ వినియోగాన్ని చూపే సాఫ్ట్‌వేర్లు ఒకే ఫోల్డర్‌కు వేర్వేరు అంకెలు చూపవచ్చు. ఈ తేడాల స్వరూపం తెలియకపోతే ఏళ్ల తరబడి చేసిన సేకరణ చేజారే ప్రమాదం ఉంది.

2. తేడాలకు కారణాలు:

2.1. సమాచారం - ఆక్రమించిన చోటు: విండోస్‌లో ‘సైజ్’ అనేది ఫైలులోని సమాచారాన్ని, ‘సైజ్ ఆన్ డిస్క్’ అనేది ఆ ఫైలు ఆక్రమించిన చోటును తెలుపుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో సాధారణంగా 4,096 బైట్ల క్లస్టర్ల చొప్పున చోటు కేటాయింపు జరుగుతుంది. ఒక్కొక్కటి 1,500 బైట్లున్న 1,000 పద్యాల ఫైళ్లలో సమాచారం 15,00,000 బైట్లే అయినా, అవి ఆక్రమించే చోటు 40,96,000 బైట్లు.

2.2. కొలమానం: తయారీదారులు టెరాబైటును లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 1,024 చొప్పున భాగించి, అదే డిస్క్‌ను సుమారు 931 జీబీగా చూపుతుంది.

2.3. లిపి సంకేతీకరణ: ‘తెలుగు’ అనే మాటకు యూటీఎఫ్-8లో 18 బైట్లు, యూటీఎఫ్-16లో 12 బైట్లు కావాలి. కాబట్టి పాఠం మారకపోయినా ఫైలు పరిమాణం మారవచ్చు.

2.4. అనుమతులు, హార్డ్‌లింకులు: చదివే అనుమతి లేని ఫోల్డర్లు మొత్తంలో చేరవు. హార్డ్‌లింకుల ద్వారా రెండు పేర్లున్న ఒకే ఫైలును కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండుసార్లు లెక్కిస్తాయి.

2.5. క్లౌడ్ ఫైళ్లు: వన్‌డ్రైవ్‌లో క్లౌడ్‌కే పరిమితమైన ఫైలుకు ‘సైజ్’ పూర్తిగా కనిపించినా, దాని సమాచారం ఆ కంప్యూటర్‌లో ఉండదు.

3. పరిశీలన క్రమం:
మొదట రెండు అంకెలూ ఒకే కొలమానానివో కావో చూడాలి. జీబీలను కాక బైట్లను, ‘సైజ్ ఆన్ డిస్క్’ను కాక ‘సైజ్’ను పోల్చాలి. ఫైళ్ల సంఖ్యనూ సరిచూడాలి. తేడా మిగిలితే సాఫ్ట్‌వేర్‌ను అడ్మినిస్ట్రేటర్ అనుమతితో నడిపి, హార్డ్‌లింకులను ఎలా లెక్కిస్తున్నదో గమనించాలి. క్లౌడ్ ఫైళ్లను ముందుగా కంప్యూటర్‌లోకి దింపుకోవాలి. చివరగా అసలు, నకలు ఫైళ్లకు ఎస్‌హెచ్‌ఏ-256 విలువలు గణించి పోల్చాలి. ఈ సౌకర్యం విండోస్ పవర్‌షెల్‌లోనే ఉంది.

4. ముగింపు:
పత్రాల సంఖ్య సరిపోయినంత మాత్రాన రెండు ప్రతుల పాఠం ఒకటేనని ఏ పరిష్కర్తా నిర్ణయించడు. ఫోల్డర్ పరిమాణమూ అటువంటిదే. అది నకలు సమగ్రతను అనుమానించడానికి ఆధారమవుతుంది కానీ, నిర్ధారించడానికి చాలదు. ఫైలువారీగా సరిచూడటం పూర్తయ్యేవరకు అసలు ప్రతిని తొలగించకపోవడమే పరిశోధకులకు శ్రేయస్కరం.