వేసవి సెలవులు – గోబర్ గ్యాస్ పొయ్యి

పరీక్షలు ముగియగానే విద్యార్థి మనస్సు విశ్రాంతిని కోరుట సహజము. అయితే సెలవులలో కొన్ని వారములు సమీప గ్రామమున క్షేత్రశిక్షణకై వెచ్చించినచో, చదివిన శాస్త్రము మనకెంత వంటబట్టినదో తెలియును. అట్టి శిక్షణకు గోబర్ గ్యాస్ మిక్కిలి తగిన విషయము.

ఎండ, గాలి వలెనే పశువుల పేడయు తరగని శక్తికి ఆధారము. పేడను సమానముగా నీటితో కలిపి గాలి చొరని గోతిలోనికి పంపినచో, సూక్ష్మజీవులు దానిని కుళ్లజేసి వాయువును విడుదల చేయును. అందు సగమునకు పైగా మీథేన్. తక్కినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. పొయ్యిలో మండునది మీథేనే. గోతినుండి వెలువడు మడ్డి పొలమునకు మంచి ఎరువు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు నలుగురైదుగురు గల కుటుంబపు వంటకు సరిపోవును. దానికి దినమునకు సుమారు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువుల పేడ కావలెను.

ఖాదీ కమిషన్ నమూనాలో గ్యాసు నిండినకొలది ఇనుప డ్రమ్ము పైకి లేచును. 1981-82లో కేంద్రప్రభుత్వము జాతీయ బయోగ్యాస్ పథకమును ప్రారంభించినది. 1984లో రూపొందిన దీనబంధు నమూనాలో డ్రమ్మునకు బదులు ఇటుకల గుమ్మటము భూమిలోనే ఉండుటచే ఖర్చు తగ్గినది.

కాని కట్టించుట ఒక ఎత్తు, నడిపించుకొనుట మరొక ఎత్తు. గ్యాసులోని తేమ చల్లబడి గొట్టములో నీరుగా నిలిచినచో మంట రెపరెపలాడి ఆరిపోవును. బర్నరు రంధ్రములు పూడినను అంతే. ఇంత చిన్న కారణమునకే ప్లాంటు చెడినదనుకొని ఇంటివారు కట్టెపొయ్యికి మరలుట కలదు. ఆ పొగ మరల ఇల్లాలి కన్నులకే.

ఇక్కడనే విద్యార్థి అవసరము. అతడు పేడను తూచి, పశువులను లెక్కించి పట్టిక వ్రాయవలెను. గొట్టపు అతుకులకు సబ్బునీరు పూసి బుడగలు వచ్చుచోట గుర్తు పెట్టవలెను, అగ్గిపుల్లతో పరీక్షింపరాదు. గొట్టములోని నీటిని తీసి, బర్నరును శుభ్రపరచవచ్చును. గోతిలోనికి మాత్రము ఎన్నడును దిగరాదు; అందలి వాయువు ప్రాణాపాయకరము. పగుళ్లను పూడ్చుట అనుభవజ్ఞుడైన మేస్త్రీ పని.

ఇది విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే పరిమితము కాదు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు పూర్తిగా పనిచేసినచో నెలకు సుమారు 25 కిలోల వంటగ్యాసుతో సమానము. ఆ ఆదాను లెక్కగట్టి చూపుట కామర్స్ విద్యార్థి వంతు. ఉర్దూ మాట్లాడు ఇంట ఉర్దూలో, తెలుగు ఇంట తెలుగులో బోధపరచుట మన కళాశాలకు సులభసాధ్యము. పశువులను అమ్ముకొన్న ఇంట ఏ మరమ్మతును ఫలింపదు. ఆ సత్యమును దాచక వ్రాయుటయు శిక్షణలో భాగమే.

కళాశాల కమిటీ వారికొక మనవి. చలికాలమున సూక్ష్మజీవుల పని మందగించి గ్యాసు తగ్గును. ఇంటివారు నిరాశ చెందునది అప్పుడే. కావున వేసవిలో చూచిన ఇండ్లను డిసెంబరులో మరల చూడవలెను. వ్రాసిన పుస్తకము మరుసటి ఏటి విద్యార్థుల చేతికి అందవలెను. లేనిచో మన సేవ సెలవులతోనే ముగియును. పొయ్యి మాత్రము ప్రతిదినము వెలుగవలసియున్నది.