నాకంత సీనుందా?

చేతిలో డిగ్రీ ఉంది. మెడలో కంపెనీ కార్డు ఉంది. నెల తిరిగేసరికి జీతం పడుతోంది. అయినా మనసులో ఒకటే గుబులు... 'నాకు నిజంగా పని వచ్చా? ఏదో ఒకరోజు నా గుట్టు బయటపడుతుందేమో!' నల్గొండ, పాలమూరు పల్లెల నుంచి వెళ్లి సాంకేతిక ఉద్యోగాల్లో చేరిన పిల్లల్ని లోలోపల తినేసే ఈ భయానికి ఓ పేరుంది. దాన్నుంచి బయటపడే దారీ ఉంది.

ఓ కుర్రాణ్ని ఊహించుకోండి. దేవరకొండ దగ్గరో, మక్తల్ దగ్గరో చిన్న ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటిమొత్తానికి మొదటి ఇంజినీరు. హైదరాబాద్ హైటెక్ సిటీలో ఉద్యోగం. ఓరోజు మీటింగులో ఎవరో కొత్త పదం వాడారు. అందరూ తలూపారు. అతనూ ఊపాడు. నిజానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అడుగుదామంటే నోరు రాలేదు. రాత్రి హాస్టల్ గదిలో రెండింటిదాకా మేలుకుని, నెట్‌లో వెతికి నేర్చుకున్నాడు. మర్నాడు పని పూర్తిచేశాడు. టీమ్ లీడర్ 'బాగా చేశావ్' అన్నాడు.

సంతోషించాలి కదా! లేదు. 'ఈసారికి గట్టెక్కాను. వచ్చేసారి దొరికిపోతాను' అనుకున్నాడు.

ఆ మీటింగులో తలూపిన మిగతావాళ్లలో ఎంతమందికి అర్థంకాలేదో అతనికి తెలియదు. అతని సంగతి వాళ్లకూ తెలియదు. ఎవరికి వారు 'నాకొక్కడికే రాదు' అనుకుంటూ ఇళ్లకు వెళ్లిపోతారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పులి తోలు కథ... తలకిందులుగా!

ఈ గుబులుకు మొదట పేరు పెట్టింది ఇద్దరు అమెరికా మానసిక శాస్త్రవేత్తలు... పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తుండగా 150 మందికి పైగా మహిళలతో మాట్లాడి, 1978లో ఓ పరిశోధన పత్రం రాశారు. వాళ్లంతా చదువుల్లో, వృత్తుల్లో పైకొచ్చినవాళ్లే. అయినా 'ఇదంతా నా తెలివి వల్ల వచ్చింది కాదు. ఎక్కడో పొరపాటు జరిగి నన్ను తీసుకున్నారు' అనే నమ్మకం చాలామందిలో కనిపించింది. తరవాతి పరిశోధనల్లో మగవాళ్లకూ ఇది తక్కువేం కాదని తేలింది. ఇప్పుడు అందరూ దీన్ని 'ఇంపోస్టర్ సిండ్రోమ్' అంటున్నారుగానీ క్లాన్స్, ఐమ్స్ 'సిండ్రోమ్' అనే మాట వాడలేదు. ఎందుకంటే ఇది జబ్బు కాదు. ఓ ఆలోచనా ధోరణి, అంతే.

మన చిన్నప్పటి కథ గుర్తుందా? పులి తోలు కప్పుకున్న గాడిద చేలో పడి మేస్తుంటుంది. ఓ రోజు ఓండ్ర పెట్టి దొరికిపోతుంది. ఇంపోస్టర్ సిండ్రోమ్‌లో ఆ కథ తలకిందులవుతుంది. ఇక్కడున్నది పులే. కానీ, తాను తోలు కప్పుకున్న గాడిదననుకుని నోరు తెరవడానికి భయపడుతుంటుంది!

ఈ భయం ఓ గానుగెద్దు తిరుగుడు లాంటిది. కొత్త పని చేతికొస్తుంది. గుండె దడదడలాడుతుంది. అవసరానికి మించి కష్టపడటమో, చివరి నిమిషం దాకా వాయిదా వేయడమో జరుగుతుంది. చివరికి పని అయిపోతుంది. మెచ్చుకుంటారు. కాసేపు హాయి. ఆ వెంటనే మనసు లెక్క రాసేస్తుంది... బాగా కష్టపడితే 'తెలివి లేదు కాబట్టి అంత కష్టపడాల్సి వచ్చింది' అని. చివర్లో ముగిస్తే 'ఏదో అదృష్టం' అని. ఎలా గెలిచినా ఖాతాలో ఒక్క మార్కూ పడదు. అందుకే పదేళ్ల అనుభవం వచ్చినా ఈ భయం దానంతటది పోదు.

మన పిల్లలకే ఎందుకంటే...

అందరికీ వచ్చేదే అయినా, కొందరి మీద దీని బరువు ఎక్కువ. ఇంట్లో ముందు నడిచినవాళ్లు లేకపోవడం అందుకో కారణం.

'పాలమూరు లేబర్' అన్న మాట దేశమంతా తెలుసు. కరవు తరిమితే ముంబయి బస్సెక్కి, ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి వెళ్లినవాళ్లు పాలమూరు జనం. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లలకు 'ఆఫీసులో ఎలా మాట్లాడాలి, పైవాళ్లను ఏమని అడగాలి' అని చెప్పేవాళ్లు ఎవరుంటారు? మీరే మొదటి తరం.

పైగా తలుపులు తెరుచుకుందీ ఈమధ్యే. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో మొదలయ్యాక ఇంజినీరింగ్ సీటు పేదింటికీ అందింది. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. జేఈఈ మెయిన్‌ని తెలుగులో రాసే వీలు 2021లోగానీ రాలేదు. అంటే అన్నేళ్లూ లెక్కలు ఎంత బాగా వచ్చినా ముందు ఇంగ్లిషు గడప దాటాల్సిందే. అలా దాటి వచ్చిన పిల్లవాడు పక్క సీట్లో గలగలా ఇంగ్లిషు మాట్లాడేవాణ్ని చూసి 'వాడికి అన్నీ వచ్చు, నాకేమీ రాదు' అనుకోవడంలో వింతేముంది!

నష్టం మాత్రం చిన్నది కాదు. అనుమానం వచ్చినా అడగరు. ప్రమోషన్ ఇస్తామంటే 'ఇంకా నేర్చుకోవాలి' అని వెనక్కి తగ్గుతారు. చిన్న తప్పును దాచబోతే అది పెద్దదవుతుంది. నిద్ర పోతుంది. కొందరు బంగారంలాంటి ఉద్యోగాన్ని తామే వదులుకుంటారు. పొలం అమ్మి చదివించిన ఇంటికి అది ఎంత దెబ్బో వేరే చెప్పాలా?

ఆసు యంత్రం చెప్పిన జవాబు

'అసలైన ఇంజినీరు' ఎవరు? ఈ ప్రశ్నకు మంచి జవాబు నల్గొండ జిల్లాలోనే ఉంది. ఆలేరు మండలం శారాజీపేట (ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా)లోని చేనేత ఇంట్లో పుట్టారు చింతకింది మల్లేశం. ఆరో తరగతితోనే బడి ఆగిపోయింది. తల్లి లక్ష్మి రోజూ ఆసు పోసేవారు. పోచంపల్లి రకం చీర నేయడానికి ముందు, దారాన్ని కొయ్యల మధ్య అర్ధచంద్రాకారంలో పోసుకోవాలి. అదే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. భుజాలు పట్టేసి ఆమె బాధపడుతుంటే కొడుకు చూడలేకపోయారు.

1992లో యంత్రం పని మొదలుపెట్టారు. ఒక భాగం కుదిరితే మరొకటి మొరాయించేది. అప్పులయ్యాయి. ఊళ్లో నవ్వారు. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చి పనికి కుదిరారు. బాలానగర్‌లో ఓ యంత్రం కదలికను చూస్తుండగా తనకు అప్పటిదాకా చిక్కని ముడి విడిపోయింది. 1999కి ఆసు యంత్రం సిద్ధమైంది. అమ్మ పేరే పెట్టారు... లక్ష్మీ ఆసు యంత్రం. గంటల తరబడి పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ 'మల్లేశం' సినిమాగా వచ్చింది.

ఇక్కడ ఓ తమాషా గమనించండి. మల్లేశాన్ని ఊరు నమ్మలేదు, ఆయన పని ఆపలేదు. మన కుర్రాణ్ని ఊరంతా నమ్ముతోంది, నమ్మనిది అతనొక్కడే! ఇద్దరికీ తీర్పు చెప్పేది మాత్రం ఒకటే... పని. దారం సరిగ్గా పడిందా, లేదా? యంత్రానికి సర్టిఫికెట్‌తో నిమిత్తం లేదు. అలాగే కంప్యూటరుకు యాస తెలియదు. రాసిన ప్రోగ్రాం నడిచిందా లేదా అన్నదే దాని లెక్క. 'నాకు వచ్చా?' అని మనసును అడిగితే అది భయంతో జవాబు చెబుతుంది. చేసిన పనిని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది.

సత్య నాదెళ్ల తప్పు జవాబు

తడబడటం చిన్నవాళ్లకే పరిమితం అనుకుంటే పొరపాటు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో తన సంగతులు దాచుకోకుండా రాశారు. ఐఐటీ ప్రవేశ పరీక్షలో ఆయన నెగ్గలేదు. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలో 'రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏంచేస్తావ్?' అని అడిగారట. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తానన్నారు నాదెళ్ల. 'ముందు బిడ్డను ఎత్తుకోవాలయ్యా' అన్నట్టు చెప్పి పంపించారు ఇంటర్వ్యూ చేసినాయన. ఉద్యోగం పోయినట్టే అనుకున్నారు. వచ్చింది! 2014లో అదే సంస్థకు సీఈఓ అయ్యాక ఉద్యోగులకు ఆయన నూరిపోసింది కూడా ఇదే... 'అన్నీ తెలుసు' అనేవారికన్నా 'అన్నీ నేర్చుకుంటా' అనేవారే ముందుకెళ్తారని.

బయటపడే దారి ఇదీ...

లెక్క రాయండి: ప్రతి శనివారం ఓ నోటుపుస్తకంలో ఆ వారం మీరు పూర్తిచేసిన పనులు రాసుకోండి. ఏ చిక్కును ఎలా విప్పారో ఒక్క ముక్కలో రాయండి. ఆరు నెలల తరవాత తిరగేయండి. అదృష్టం ఓసారి కలిసొస్తుంది, రెండుసార్లు కలిసొస్తుంది... పాతిక వారాలు వరసగా రాదు కదా!

'ఏమీ రాదు' అనొద్దు: ఏం రాదో రాయండి. 'నాకు డేటాబేస్‌లో ఫలానా విషయం రాదు' అంటే దాన్ని నెలలో నేర్చుకోవచ్చు. 'నేను పనికిరాను' అంటే దానికి ఏ కోర్సూ ఉండదు. తెలియనివి ఉండటం వేరు, తగకపోవడం వేరు.

అడగండి: 'ఈ పదం నాకు కొత్త. ఒక్క నిమిషం చెప్తారా?' అంటే చాలు. తలూపిన మరో ఇద్దరు లోపల మీకు దండం పెట్టుకుంటారు.

ఒక్కరితో చెప్పండి: ఓ సీనియర్‌ను టీకి పిలిచి 'మొదట్లో మీకూ ఇలా అనిపించేదా?' అని అడగండి. ఇది ఊరికే చెప్పే మాట కాదు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే శాస్త్రవేత్తలు ఓ అమెరికా కాలేజీలో కొత్తగా చేరినవారికి సీనియర్ల అనుభవాలు చదివించారు. 'మొదట్లో ఇది మా చోటు కాదనిపించింది, పోనుపోను సర్దుకుంది' అన్నదే వాటి సారం. పట్టింది గంట సేపే. ఆ తరవాత మూడేళ్ల పాటు నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగుపడ్డాయని 2011లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు.

మెచ్చుకుంటే ఆగండి: 'అబ్బే, నాదేముంది సార్' అని కొట్టిపారేయకండి. 'థాంక్స్ సార్' అని ఊరుకోండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, అలవాటవుతుంది.

ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు...

తప్పంతా పిల్లల మీదే వేయడం సరికాదు. 'ఇంపోస్టర్ సిండ్రోమ్ ఉందని మహిళలకు చెప్పడం మానండి' అంటూ రుచికా తుల్ష్యాన్, జోడీ-ఆన్ బ్యూరీ 2021లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఓ వ్యాసం రాశారు. మనిషిని సరిచేసే ముందు, ఆ మనిషికి చోటివ్వని ఆఫీసును సరిచేయమన్నది వాళ్ల వాదన. యాసను వెక్కిరించే టీమ్‌లో కూర్చున్నవాడికి 'ధైర్యంగా ఉండు' అని చెబితే ఏం లాభం? కొత్తవాళ్లకు ఓ పెద్దదిక్కును చూపించడం, ప్రశ్న అడిగితే నవ్వకపోవడం... టీమ్ లీడర్లు చేయాల్సింది ఈపాటిదే.

అమ్మానాన్నలూ ఓ పని చేయొచ్చు. ఫోన్ చేసినప్పుడు 'జీతం పెరిగిందా బిడ్డా' అని కాకుండా 'ఈ వారం ఏం నేర్చుకున్నవ్ బిడ్డా' అని అడగండి. మీకు అర్థం కాకపోయినా చెప్పనివ్వండి. చెబుతున్నప్పుడే తనకెంత వచ్చో వాడికే తెలుస్తుంది. 'ఈ ఉద్యోగం నాకు సరిపడదేమో' అని ఎప్పుడైనా అంటే, 'ఇంత ఖర్చుపెట్టి చదివిస్తే...' అని మొదలుపెట్టకండి. మొత్తం విన్నాకే మాట్లాడండి.

నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, బతుకు మీదే విరక్తి కలగడం... ఇలాంటివి కనిపిస్తే అది చిట్కాలతో పోయేది కాదు. మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

సోమవారం వస్తుంది. మీటింగు ఉండే ఉంటుంది. ఎవరో కొత్త పదం వాడే ఉంటారు. ఈసారి తలూపకండి... చెయ్యెత్తండి!